రూటర్ కోసం బ్రౌజర్ ఎందుకు తగ్గాలి?

కోఠి గుజరాతీ గల్లీలో రూటర్ కావాలంటే కొట్టాయన ముందు యాంటెన్నాలు చూపిస్తాడు. రెండింటిది ఒక రేటు, నాలుగింటిది ఒక రేటు, ఆరుంటే దాని పేరు గేమింగ్ రూటర్. కొనవచ్చినాయన అడిగేదీ ఒక్కటే: ‘గోడ దాటుతదా?’ శాలిబండలోనో హుస్సేనీ ఆలంలోనో పాత రాతి గోడల ఇళ్లలో ఉండేవాళ్లు అలా అడగడంలో వింతేమీ లేదు. కానీ యాంటెన్నాలు పెరిగాయని గోడ పలచబడదు. రూటర్ ఎంత బలంగా ప్రసారం చేయవచ్చో ప్రభుత్వమే హద్దు పెట్టింది. యాంటెన్నాలు రెండైనా ఎనిమిదైనా ఆ హద్దు దాటకూడదు. పెట్టె మీద కనిపించే ‘ఏసీ 1200’ కూడా రెండు వైఫై దార్ల వేగాలైన 300నీ 867నీ కలిపి కాస్త పైకి సర్ది వేసిన అంకె, మామూలు ఫోన్ ఒకేసారి ఆ రెండు దార్లలోనూ నడవదు. గోడలు మందమైతే నడిమి గదిలోకి వైరు లాగించి రూటర్‌ను అక్కడ పెట్టుకోవడమే మందు. యాంటెన్నాల సంగతి ఇంతటితో సరి.

నా పేచీ అసలు వేరే నమ్మకంతో. ‘రూటర్ పని సిగ్నల్ ఇయ్యడం, సేఫ్టీ బ్రౌజర్ చూసుకుంటది’ అన్నది ఇప్పుడు చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకే గొంతుతో అనే మాట. దానికి ఒక తోక కూడా ఉంది. రూటర్‌కూ బ్రౌజర్‌కూ పడకపోతే తగ్గాల్సింది బ్రౌజరేనట.

కొత్త కనెక్షన్ బిగించే రోజు ఈ తోకను దగ్గర నుంచి చూడొచ్చు. కేబుల్ కుర్రాడు డబ్బా తిరగేసి అడుగున అంటించిన స్టిక్కర్ చదువుతాడు: 192.168.1.1, యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. ల్యాప్‌టాప్‌లో ఆ నంబరు కొట్టగానే, కనెక్షన్ ప్రైవేట్ కాదంటూ ఎర్ర త్రికోణంతో హెచ్చరిక పేజీ వస్తుంది. ఇంటాయన కంగారు పడతాడు. కుర్రాడు కంగారు పడడు. ‘ఏం గాదన్నా, అడ్వాన్స్‌డ్ మీద నొక్కి ప్రొసీడ్ కొట్టు, గంతే.’ ఒక్కోసారి ప్రొసీడ్ మీట కూడా రాదు, పేజీ తెరుచుకోనే తెరుచుకోదు. పాత రూటర్లు మాట్లాడే టీఎల్ఎస్ 1.0 అనే పాత గుప్తీకరణ పద్ధతికి పెద్ద బ్రౌజర్లన్నీ 2020లోనే తలుపు మూసేశాయి. అప్పుడు కుర్రాడి సలహా మారుతుంది: బ్రౌజర్‌లో సెక్యూరిటీ తగ్గించు, లేదంటే పాత బ్రౌజర్ ఏదైనా వెతుకు. కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌ది కూడా ఇదే తంతు. మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సాగనంపిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఒక్క కెమెరా పెట్టె కోసం ఇంకా కాపాడుకొస్తున్న కంప్యూటర్లున్నాయి.

ఆ కుర్రాడిని తప్పుపట్టను, అతను చెప్పిందాంట్లో సగం నిజమే. 192.168.1.1 అనేది ఊళ్లో ఇంటింటికీ ఉండే నంబరు. దాన్ని ఫలానా రూటర్‌దని ధ్రువీకరించి సర్టిఫికెట్ ఇవ్వగల సంస్థ ప్రపంచంలో లేదు. అందుకని రూటర్ తన సర్టిఫికెట్‌పై తానే సంతకం పెట్టుకుంటుంది, బ్రౌజర్ దాన్ని నమ్మనంటుంది. అంటే ఆ ఎర్ర పేజీ వచ్చినంత మాత్రాన ఇంట్లో దొంగ పడ్డట్టు కాదు. అసలు నష్టం తర్వాత మొదలవుతుంది. ఎర్ర పేజీ కనిపిస్తే చదవకుండా ప్రొసీడ్ కొట్టాలన్న పాఠం ఆ రోజు ఇంటిల్లిపాదికీ వంటబడుతుంది.

ఆ పాఠం ఎక్కడ కొంప ముంచుతుందో చూడాలంటే బ్రెజిల్ దాకా వెళ్లాలి. 2011, 2012 సంవత్సరాల్లో అక్కడ దాదాపు 45 లక్షల మోడెమ్‌లను దొంగలు లొంగదీసుకున్నారు. మోడెమ్ సెట్టింగుల పేజీలో ఉన్న లోపాన్ని పట్టుకుని లోపలికి దూరి, డీఎన్ఎస్ చిరునామా మార్చారు. డీఎన్ఎస్ అంటే మనం కొట్టిన పేరు ఏ సర్వర్‌దో చెప్పే వ్యవస్థ. అది దొంగ చేతికి పోతే మీరు బ్యాంకు పేరు తప్పు లేకుండా కొట్టినా వాడు చూపిన చోటికే చేరతారు.

అలాంటప్పుడు కాపాడేది బ్రౌజరే కదా అంటారా? అవును, బ్రౌజరే. దొంగ దగ్గర బ్యాంకు సర్టిఫికెట్ ఉండదు కాబట్టి సరిగ్గా అదే ఎర్ర పేజీ వస్తుంది. జాగ్రత్త గల కొన్ని సైట్లు ప్రొసీడ్ మీట కూడా లేకుండా చేస్తాయి, మిగతా చోట ఆ మీట మీ వేలి కిందే ఉంటుంది. రూటర్ పేజీ దగ్గర నేర్చిన వేలు అక్కడ మాత్రం ఆగుతుందా? భద్రతంతా బ్రౌజర్‌దే అన్న పెద్దమనిషే ఆ బ్రౌజర్ మాట వినకుండా చెవులు మూసుకునేది. తాళం బొమ్మ ఉంటే చాలన్న ధీమా కూడా పాతదే. ఆ బొమ్మ చూసి జనం సైటే మంచిదనుకుంటున్నారని 2023లో క్రోమ్ చిరునామా పట్టీలోంచి దాన్ని తీసేసింది.

‘బయటివాళ్లెవరు చూస్తారు, మన ఇంటి లోపలి పేజీ కదా’ అన్నది ఇంకో వాదన. పాతబస్తీలో ఈ మాట నిలవదు. కింద కొట్టు, మధ్యలో ఇంటివాళ్లు, పైన కిరాయిదార్లు, వాళ్ల పిల్లలు, పండక్కొచ్చిన చుట్టాలు, అందరికీ కలిపి ఒకే కనెక్షన్ ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! అందరికీ పాస్‌వర్డ్ తెలుసు. సెట్టింగుల పేజీ గుప్తీకరణ లేని ఉత్త హెచ్‌టీటీపీ అయితే మీరు కొట్టే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఆ నెట్‌వర్క్‌లో ఉన్న గడుసువాడు పట్టేయగలడు. అంతకన్నా చెడ్డ సంగతి ఏమిటంటే, వేరే సైట్ చూస్తుండగా ఆ సైట్‌లోని కోడ్ మీ బ్రౌజర్ చేతే మీ రూటర్‌కు హుకుం పంపించగలదు. అడ్మిన్-అడ్మిన్ అని వదిలేసిన రూటర్ ఆ హుకుం తు.చ. తప్పకుండా పాటించవచ్చు.

మన దగ్గర జరగలేదా? 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ పడింది. వేలాది ఇళ్లలో నెట్ ఆగింది. మొదటి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన మోడెమ్‌లే దానికి చిక్కాయి, పాస్‌వర్డ్ మార్చుకోండని ఆ సంస్థ వినియోగదారులను వేడుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ అయితే వేడుకోలు మానేసి చట్టం తెచ్చింది. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ ప్రతి పెట్టెకూ ఒకే సులువైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. ఎన్నాళ్లు భద్రతా సవరణలు ఇస్తారో కూడా కొనేముందే చెప్పాలి.

మనకు మాత్రం వైరు మీద ఉన్న ధ్యాస డబ్బా మీద లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్ శోభాయాత్రలో కరెంటు షాక్‌తో ఐదుగురు చనిపోయాక స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు, నెట్ పోయిందని నగరమంతా గగ్గోలు పెట్టింది. పెట్టాల్సిందే. అదే నగరంలో ఎన్ని రూటర్లకు కొన్ననాటి నుంచి ఒక్క అప్‌డేటూ పడలేదో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కంపెనీ ఉచితంగా ఇచ్చే డబ్బా ఉండగా మనకెందుకీ తలనొప్పి అనేవాళ్లకు ఒక మాట. కొన్ని పెద్ద కంపెనీలు దూరం నుంచే అప్‌డేట్ వేస్తాయి, మంచిదే. మీ గల్లీ కేబులాయన వేస్తాడా? అడిగి చూడండి. ‘నెట్ వస్తుంది కదా’ అంటే మీకు జవాబు దొరికినట్టే.

ఈసారి కొట్టుకు వెళ్తే యాంటెన్నాలు లెక్కపెట్టే ముందు స్టిక్కర్ చదవండి. పాస్‌వర్డ్ అడ్మిన్ అని ఉంటే అక్కడే పెట్టేయండి, ఒక్కో పెట్టెకు వేరే పాస్‌వర్డ్ ఇచ్చే కంపెనీలున్నాయి. వైఫైకి కొత్త తరం భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉందా, అప్‌డేట్లు వాటంతటవే పడతాయా, ఎప్పటిదాకా ఇస్తారు అని అడగండి. డెమో డబ్బా ఉంటే దాని పేజీని మీ ఫోన్ బ్రౌజర్‌లో, మీ సెట్టింగులు ఏవీ మార్చకుండా తెరిచి చూపించమనండి. సొంత సర్టిఫికెట్ వల్ల ఒక్క హెచ్చరిక వస్తే, ఎందుకొచ్చిందో తెలుసు కాబట్టి, ఇంట్లో వైరు తగిలించి ఒక్కసారి దాటొచ్చు. పేజీ అసలు తెరుచుకోకపోయినా, సెక్యూరిటీ తగ్గించమని కొట్టాయన చెప్పినా, ఎనిమిది యాంటెన్నాలున్నా సరే, ఆ రూటర్ కొనకండి.