చలికి చోటుంది, ఎండకు లేదు

వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు ఆలస్యంగానైనా సరైన పని. ఎండకు బలైన మనిషి కుటుంబానికి అంతవరకూ ఆపద్బంధు పథకం కింద 50 వేల రూపాయలు దక్కేవి. అప్పటి నుంచి 4 లక్షలు అందాలి. వరదలో కొట్టుకుపోయినవారి ఇంటికి ఏది న్యాయమో, మిట్టమధ్యాహ్నం పనిలో కూలిపోయినవారి ఇంటికీ అదే న్యాయమని ప్రభుత్వం ఒప్పుకుంది. ఒడిశా, కేరళ, తమిళనాడు ఈ దారిలో ముందే నడిచాయి. ఇన్ని రాష్ట్రాలు ఒకదాని వెనుక ఒకటి, ఎవరి ఉత్తర్వు వారు రాసుకోవలసి రావడమే కేంద్రంపై అభియోగం.

2025 ఏప్రిల్ నాటికి, కేంద్రం సాయం చేసే విపత్తుల జాతీయ జాబితాలో ఉన్నవి 12. తుపాను, వరద, కరువు, భూకంపం, సునామీ, అగ్నిప్రమాదం, వడగళ్లు, కొండచరియలు, మంచుచరియలు, మేఘవిస్ఫోటం, చీడల దాడి, చలిగాలులు. చలికి చోటుంది. ఎండకు లేదు.

ఎందుకు లేదన్న ప్రశ్నకు 2024 జులైలో కేంద్ర హోం శాఖ పార్లమెంటులో జవాబు చెప్పింది. జాబితాను పెంచాలన్న రాష్ట్రాల కోరికను 15వ ఆర్థిక సంఘం పరిశీలించిందని, ఇప్పుడున్న జాబితాయే రాష్ట్రాల అవసరాలను చాలావరకు తీరుస్తోందని, కాబట్టి ఆ కోరికలో పెద్దగా పస కనిపించలేదని ఆ జవాబు సారాంశం. వేరే ప్రతిపాదనేదీ తమ ముందు లేదని కూడా ఆ శాఖ చెప్పింది. ఎన్.కె.సింగ్ నాయకత్వంలోని ఆ సంఘం రాసిన వాక్యాన్ని దాదాపు నాలుగేళ్ల తర్వాత, అదీ దేశం మండిపోయిన వేసవి ముగిసీ ముగియకముందే, ఒక మంత్రిత్వ శాఖ తన సమాధానంగా చదివి వినిపించింది.

'అవసరాలు చాలావరకు తీరుతున్నాయి.' ఈ ఒక్క మాటను పట్టుకుని అడగాలి. అవసరమెంతో ఎవరు కొలిచారు? ఏ కొలతతో కొలిచారు?

విపత్తు తీవ్రతకు ప్రభుత్వాలు మొదట చూసేది మరణాల సంఖ్యనే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ లెక్క ప్రకారం వడగాడ్పుల మరణాలు 2015లో 2,040. మరుసటేడు 1,111. 2017లో 384. 2018లో 25. 2020కి వచ్చేసరికి నాలుగు. ఈ పట్టిక చూసిన ఎవరికైనా సమస్య దాదాపు తీరిపోయిందనే అనిపిస్తుంది. ఈ తగ్గుదలను తమ ముందస్తు చర్యల ఫలితంగా అధికారులు పలుమార్లు చెప్పుకొన్నారు కూడా.

ఇప్పుడు మరో పుస్తకం తెరవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా పోలీసు రికార్డుల నుంచి ప్రమాద మరణాల నివేదిక తయారుచేస్తుంది. అందులో వడదెబ్బకు వేరే వరుస ఉంటుంది. ఆ వరుసలో 2018 మరణాలు 25 కాదు, 890. 2020 మరణాలు నాలుగు కాదు, 530. నాలుగెక్కడ, అయిదు వందల ముప్ఫై ఎక్కడ? ఈ రెండు సంస్థలూ పనిచేసేది ఒకే హోం శాఖ కింద. 2020లో ఎండకు చనిపోయిన భారతీయులు ఎందరన్న ప్రశ్నకు తన సొంత ఇంట్లోనే రెండు జవాబులున్న శాఖ, రాష్ట్రాల అవసరాలు తీరుతున్నాయని పార్లమెంటుకు చెప్పింది. ఇది పొరపాటుగా వదిలేయగల విషయం కాదు.

పోనీ, 530 అయినా పూర్తి లెక్కా అంటే అదీ కాదు. పోలీసు పుస్తకంలోకి ఎక్కే మరణం పోలీసుల దాకా వచ్చిన మరణం. రోడ్డు పక్కన పడిపోయినవారు, బస్టాండులో ఒరిగిపోయినవారు, గుర్తు తెలియని శవంగా మిగిలినవారు అందులో ఉంటారు. పొలం నుంచి ఇంటికొచ్చి, తల తిరుగుతోందని మంచమెక్కి, తెల్లారేసరికి లేవని ముసలాయన ఆ పుస్తకంలో ఉండడు. విపత్తు సంస్థ లెక్కకు దారి ఇంకా ఇరుకు. తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్‌ఐ కలిసి ఇది వడదెబ్బే అని ధ్రువీకరిస్తే తప్ప మన మండలాల్లో ఆ మరణం పైకి వెళ్లదు. ఎండాకాలంలో శవాన్ని ఎక్కువసేపు ఉంచలేక సాయంత్రానికల్లా దహనం చేసే కుటుంబం పోస్టుమార్టం కాగితం ఎక్కడి నుంచి తేగలదు? 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. మిగిలిన వాటికి చావు అన్న మాట తప్ప కారణం లేదు. కారణం రాసిన చోట కూడా ఎక్కువసార్లు కనిపించేది గుండె ఆగిపోవడం. ఎండ గుండెను ఆపిందని రాసే గడి ఆ కాగితంలో ఎవరూ వెతకరు.

ఎండ చంపే తీరే అలాంటిది. నేరుగా వడదెబ్బతో పోయేవారు కొందరు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారిని అది ఆ జబ్బుల పేరు మీద తీసుకుపోతుంది. రాత్రి కూడా చల్లబడని రేకుల గదిలో పడుకునే మనిషికి పగటి వేడి నుంచి కోలుకునే వ్యవధి దొరకదు. మూడో రోజో నాలుగో రోజో ఒళ్లు ఓడిపోతుంది. అందుకే కాగితాల మీది మాటలు ఏరి లెక్కపెట్టే పద్ధతి ఎండ విషయంలో పనికిరాదు.

పనికొచ్చే పద్ధతి ఏదో మన దేశంలోనే రుజువైంది. 2010 మేలో అహ్మదాబాద్ నిప్పుల కొలిమి అయింది. ఆ నెలలో నగరంలో నమోదైన మొత్తం మరణాలు 4,462. అంతకు ముందూ వెనుకా మామూలు మే నెలల సగటుతో పోల్చి చూసిన పరిశోధకులకు 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఎన్ని కాగితాల మీద వడదెబ్బ అని రాసి ఉందన్న ప్రశ్నే ఈ లెక్కకు అక్కర్లేదు. నగరపాలక సంస్థ దగ్గరున్న మరణాల రిజిస్టరు, వాతావరణ శాఖ దగ్గరున్న ఉష్ణోగ్రతలు చాలు. ఆ లెక్క కళ్లు తెరిపించింది కాబట్టే 2013లో అహ్మదాబాద్ దక్షిణాసియాలో తొలి వేడి కార్యాచరణ ప్రణాళికను అమలు చేసింది. ఒక్క నగరం ఒక్క నెలలో 1,344 మందిని కోల్పోయిన దేశంలో, ఏడాది పొడవునా దేశమంతటా నలుగురే చనిపోయారన్న అంకెను ప్రభుత్వ పట్టికలో ఉంచడానికి చేతులెలా వచ్చాయి?

తెలుగువారు ఈ మాట అడగడానికి వేరే కారణం కూడా ఉంది. 2015లో జాతీయ లెక్కకు ఎక్కిన 2,040 మందిలో దాదాపు 1,900 మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఆ వేసవి ఎండ మిగతా దేశాన్ని వదిలేసి ఈ రెండు రాష్ట్రాల మీదే కురిసిందా? మండలాల వారీగా మరణాలను అడిగి, రాసి, పైకి పంపిన చోట అవి కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పుడు కుటుంబానికి లక్ష రూపాయలు ప్రకటించడంతో జనం కూడా ముందుకొచ్చి చెప్పుకొన్నారు. లెక్కించిన రాష్ట్రంలో చావులు ఉన్నాయి, లెక్కించని రాష్ట్రంలో లేవు. ఆ తర్వాతి ఏళ్లలో చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మారిన పనివేళలు ప్రాణాలు కాపాడిన మాట నిజమే. ఎన్ని కాపాడాయో చెప్పాలన్నా నిజమైన లెక్క కావాలి.

2024 వేసవి కూడా ఇదే చెప్పింది. మార్చి 1 నుంచి జూన్ 20 దాకా దేశమంతటా వడదెబ్బ మరణాలు 143 అని కేంద్ర ఆరోగ్య శాఖ సేకరించిన సమాచారం. లోక్‌సభ ఎన్నికల చివరి విడతలో ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 33 మంది పోలింగ్ సిబ్బంది ఎండకు చనిపోయారని ఆ రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి ప్రకటించారు. వారి పేరు డ్యూటీ జాబితాలో ఉంది, మీద అధికారి ఉన్నాడు, రాకపోతే అడిగేవారున్నారు. అందుకే ఆ 33 మరణాలు లోకానికి తెలిశాయి. అదే రోజు అదే ఎండలో ఇటుకలు మోసినవారికి, రిక్షా తొక్కినవారికి ఏ జాబితా ఉంది?

వేడి ఫలానా ఊళ్లో ఫలానా గంటకు మొదలైందని హద్దు గీయడం కష్టమని, సాయం అడిగేవారికి అంతుండదని జాబితా పెంపును వ్యతిరేకించేవారు అంటారు. కరువుకూ అలాంటి హద్దు లేదు, అది మాత్రం మొదటి నుంచీ జాబితాలో ఉంది.

రాష్ట్రాలు తమ విపత్తు స్పందన నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు కదా అన్నది కేంద్రం చూపే దారి. తెలంగాణ ఇప్పుడు నడుస్తున్నదీ ఆ దారే. ఆ 10 శాతంలోనే పిడుగులూ, రాష్ట్రం గుర్తించిన ఇతర ఆపదలూ అన్నీ సర్దుకోవాలి. అది అయిపోతే జాతీయ నిధి నుంచి అదనపు సాయం అడిగే హక్కు రాష్ట్రానికి ఉండదు, ఎందుకంటే ఆ నిధి జాబితాలోని 12 విపత్తులకే. వరదొస్తే ఢిల్లీ నుంచి బృందం వస్తుంది, నష్టం అంచనా వేస్తుంది. ఎండకు అలాంటి బృందం ఎప్పుడూ రాదు. అవసరం తీరడమంటే ఇదేనా?

ఈ భారం ఎవరి మీద పడుతోందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. అడ్డా మీద నిలబడే కూలీ, సెంట్రింగ్ కర్రల మీద నడిచే మేస్త్రీ, మిర్చి యార్డులో బస్తాలెత్తే హమాలీ, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో దిగే కార్మికుడు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబం, పనిచోట మరుగుదొడ్డి లేక దాహాన్ని దిగమింగుకునే ఆడవాళ్లు. ఉపాధి హామీలో తవ్విన మట్టి కొలతను బట్టి కూలి. ఎండకు తవ్వలేకపోతే ఆ లోటు కూలి డబ్బుల్లోనే కోత పడుతుంది. పెరిగే వేడి వల్ల 2030లో భారతదేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోతుందని, అది 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే అంచనా కట్టింది. వాతావరణాన్ని వేడెక్కించిన పొగలో ఈ మనుషుల వాటా లెక్కకు రానంత చిన్నది. వారి చావు కూడా లెక్కకు రాకపోవడం క్షమించరానిది.

వేసవి ఇప్పుడు రోహిణి కార్తె దాకా ఆగడం లేదు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరి 2025లో నమోదైంది. 2022లో మార్చి ఆ రికార్డు రాసింది. ఆ ఏటి మార్చి, ఏప్రిల్ వేడి వాతావరణ మార్పు వల్ల 30 రెట్లు ఎక్కువ సంభావ్యమైందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. 15వ ఆర్థిక సంఘం చూసిన దేశం, 2025 వేసవిలోకి అడుగుపెట్టిన దేశం ఒకటి కాదు.

చేయవలసింది తెలియనిదేమీ కాదు. వడగాడ్పులను జాతీయ జాబితాలో చేర్చాలి. పరిహారానికి పోస్టుమార్టం కాగితమే గతి అన్న నిబంధనను సడలించాలి. ఆ రోజు ఉష్ణోగ్రత, చేసిన పని, ఇరుగుపొరుగు సాక్ష్యం ఆధారంగా ధ్రువీకరించే వీలుండాలి. మహిళా కార్మికుల సంఘం 'సేవా' 2024 వేసవిలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో సుమారు 50 వేల మంది సభ్యులకు ఏర్పాటు చేసిన బీమాలో సాయం అందించడానికి థర్మామీటరు చూపిన అంకె సరిపోయింది. ఒక కార్మిక సంఘానికి సాధ్యమైనది కేంద్ర ప్రభుత్వానికి అసాధ్యమంటే నమ్మలేం.

అరవింద్ పనగఢియా నాయకత్వంలోని 16వ ఆర్థిక సంఘం 2025లో నివేదిక ఇచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి అయిదేళ్ల పాటు రాష్ట్రాలకు దక్కేదేమిటో తేల్చేది ఆ నివేదికే. కేంద్రం మళ్లీ పాత వాక్యమే చదివి వినిపించకుండా చూడవలసిన బాధ్యత హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలది. కోరికలతో కాకుండా అంకెలతో కేంద్రం ముందుకు వెళ్లాలి. అహ్మదాబాద్‌లో చేసిన లెక్కనే 2015 నుంచి రామగుండానికి, కొత్తగూడేనికి, రెంటచింతలకు, విజయవాడకు చేసి చూపాలి. అందుకు కొత్త సర్వే ఏదీ అవసరం లేదు. మరణాల రిజిస్టర్లు ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ, ప్రతి పురపాలక కార్యాలయంలోనూ ఉన్నాయి. వాటిలో మే నెల పేజీలు తీసి, పక్కన మామూలు ఏళ్ల మే నెల పేజీలు పెట్టి లెక్కపెట్టే పని ఈ వారమే మొదలుకావాలి.