అప్‌డేట్లు మంచివే, అవ్వల పాటను మాత్రం గళ్లలో ఇరికించకండి



సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లంటే సిటీ స్టూడియోల గోల, మనకెందుకు అనే మిత్రులు ఈ గ్రూపులో ఉన్నారు. మేము ఒప్పుకోం. హాస్టల్లో నలుగురం ఒకే లాప్‌టాప్ మీద ఊరి పాటలు ఎక్కిస్తున్నాం. ఉచితం కాబట్టి ఆడాసిటీ వాడుతున్నాం. అందులో రెండు మార్పులు మన పని చూసి చేసినట్టే ఉన్నయ్.

2021లో 3.1 వచ్చింది. అంతకుముందు క్లిప్పు కోసి, సేవ్ చేసి మూసేస్తే ఆ ముక్క పోయినట్టే. ఇప్పుడు క్లిప్పు అంచు పట్టి లాగితే మళ్లీ వస్తది. అవ్వలు పాట మధ్యలో ఆపి, ఇది ఫలానా పెళ్లిలో పాడినం అని చెప్తారు కదా. పోస్టు కోసం ఆ మాటలు దాచినా ఫైల్లో ఉంటయ్. మాకైతే పాటంత విలువ ఆ మాటలకూ ఉంది. 2022లో వచ్చిన 3.2లో ఎఫెక్టులు పాట నడుస్తుండగానే వేసి, వద్దనుకుంటే తీసేయొచ్చు. అసలు గొంతు అట్లనే ఉంటది. నాయిస్ రిడక్షన్ మాత్రం పాత పద్ధతే, ముందు ట్రాక్ కాపీ చేసుకోండి. ఎక్కువ వేస్తే గజ్జెల చప్పుడు కూడా తినేస్తది.

మా పేచీ 2023 నాటి 3.4తో. బీట్ల గళ్లు, శ్రుతి మారకుండా క్లిప్పును సాగదీయడం అందులో బాగా కుదిరినయ్. కొత్త పాట కట్టుకోవడానికి భలే పనికొస్తది. డోలు లూపు పెట్టుకుని చరణాలు మార్చి మార్చి పాడి చూసుకుంటున్నాం. కానీ మనోళ్లు కొందరు పెద్దల పాటను ముక్కలు చేసి, సాగదీసి, ఆ గళ్లలో కూర్చోబెట్టి డీజే బీట్ తగిలిస్తున్నారు. మన ఆట మెల్లగా మొదలై, అడుగులు కలిసేకొద్దీ ఊపందుకుంటది. పాట దాని వెంటే పరిగెడతది. ఆ పరుగు తీసేసినంక మిగిలేది ఏంటి? డీజే వద్దనట్లేదు, కాపీ మీద చేసుకోండి.

కోయ వంశాల చరిత్రలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. అట్లాంటి గొంతులు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నయ్, డెబ్భై దాటినవే ఎక్కువ. ఈ సెలవులకు ఊరెళ్లేవాళ్లు అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఫైలు పేరులో పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా పంపండి, క్వాలిటీ తగ్గదు.