చివరి మేక మరణించిన తరువాత

అంతరించిపోయిన జంతువులను ప్రయోగశాలలో తిరిగి పుట్టించవచ్చునన్న వార్తలు ఈ మధ్య తరచుగా వినవస్తున్నాయి. "అయితే మానవుడు మృతజీవులను బ్రతికిస్తున్నాడా?" అని మా విద్యార్థులు ప్రశ్నిస్తుంటారు. సమాధానానికి ముందు, ఇంతవరకు జరిగినదేమిటో తెలుసుకోవాలి.

స్పెయిన్, ఫ్రాన్స్ దేశాల నడుమ గల పిరనీస్ పర్వతాలలో బుకార్డో అనే అడవిమేక జాతి ఉండేది. ప్రధానంగా వేట మూలంగా అది క్షీణించి, చివరకు ఒకే ఒక్క ఆడమేక మిగిలింది. శాస్త్రవేత్తలు 1999లో దాని చర్మకణాలను సేకరించి, అతిశీతల స్థితిలో భద్రపరచారు. 2000 జనవరిలో చెట్టు విరిగి మీద పడి ఆ మేక మరణించింది. తరువాత ఆ కణాల కేంద్రకాలను పెంపుడు మేకల అండాలలో ప్రవేశపెట్టి, వందలాది పిండాలను రూపొందించారు. 2003 జులైలో ఒక్క పిల్ల మాత్రమే సజీవంగా పుట్టింది. ఊపిరితిత్తుల లోపంతో కొద్ది నిమిషాలకే మరణించింది.

అది బ్రతికి ఉన్నా జాతి నిలిచేదా? కణాలన్నీ ఒక ఆడమేకవే గనుక, వాటి నుండి ఎన్ని పుట్టినా అన్నీ ఆడపిల్లలే. జతకు స్వజాతి మగమేక లేదు. కొండదారులు నేర్పే మంద లేదు.

ఇదే పద్ధతి మరొకచోట ఫలించింది. అమెరికాలోని నల్లపాదాల ఫెర్రెట్, ముంగిసను తలపించే చిన్న జంతువు. నేడున్నవి దాదాపు అన్నీ 7 జంతువుల సంతతే గనుక, వాటిలో జన్యువైవిధ్యం బహు స్వల్పం. సంతానపరంపర మిగలని మరొక ఫెర్రెట్ కణాలను 1988లో భద్రపరచారు. వాటి నుండి 2020లో ఎలిజబెత్ ఆన్ అనే కూన జన్మించింది. అవే కణాల నుండి పుట్టిన ఆంటోనియా 2024లో స్వజాతి మగదానితో కలిసి పిల్లలను కన్నది.

ఈ రెండింటికీ గల తేడా గమనించండి. ఫెర్రెట్ కూన పుట్టేనాటికి దాని జాతి సజీవంగా ఉంది. మేకపిల్ల పుట్టేనాటికి దాని జాతి లేదు.

ఇక విద్యార్థుల ప్రశ్న. మానవుడు ఇక్కడ జీవాన్ని సృష్టించలేదు. ఉన్న కణాన్ని, ఉన్న అండాన్ని, ఉన్న తల్లి గర్భాన్ని వినియోగించుకున్నాడు. ఆ విద్య మెచ్చదగినదే. అయితే "పోయినా మళ్ళీ తెచ్చుకోవచ్చు" అన్న ధీమా మన మనస్సులో చోటు చేసుకుంటే, కాపాడవలసిన చేతులు సడలిపోతాయి. మీ పిల్లలు ఇదే ప్రశ్న అడిగినప్పుడు బుకార్డో కథ చెప్పండి. అప్పగించబడిన అమానత్‌ను అది మన వద్ద ఉన్నప్పుడే కాపాడాలని వారికి బోధపడుతుంది.