ఊరి పేరు మిగిలింది, ఊరి మాట పోయింది

కిలిత్ ఒక చిన్న ఊరు. అజర్‌బైజాన్ దేశానికి చెందిన నఖ్చివాన్ ప్రాంతంలో, ఒర్దుబాద్ జిల్లాలో, ఇరాన్ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఒకప్పుడు ఈ ఊళ్లోనూ, చుట్టుపక్కల కొద్ది పల్లెల్లోనూ ఒక ఇరానీ భాష మాట్లాడేవారు. అది పారశీకానికి దూరపు చుట్టం, కాస్పియన్ తీరంలోని తాలిష్ భాషకు దగ్గరి చుట్టం. పండితులు దానికి ఊరి పేరే పెట్టి కిలిత్ భాష అన్నారు. ఇవాళ ఆ ఊరు ఉంది, ఆ భాష లేదు. అక్కడ ఇప్పుడు వినిపించేది తుర్కీ కుటుంబానికి చెందిన అజర్‌బైజానీ.

ఎక్కడో కొండల్లో పోయిన పల్లె భాషతో హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూర్‌లోనో యానాంలోనో పిల్లల్ని బడికి పంపే మనకేం పని అని అడగొచ్చు. ఆ భాష పోయిన తీరు మనకు పరిచయమైనదే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఏటా అడ్మిషన్ల రోజుల్లో తెలుగు కుటుంబాల ఇళ్లకు వెళ్తాం. రెండు మాటలు మళ్లీ మళ్లీ వింటాం. ఒక ఇంట్లో, "ఇంట్లో ఎటూ తెలుగే కదా సార్, బడిలో కూడా ఎందుకు? అక్కడ వేరే భాష నేర్చుకోనివ్వండి" అంటారు. పక్క వీధిలో ఇంకో ఇంట్లో, "ఇంట్లో మాకు కుదరడం లేదండీ, ఎలాగూ బడిలో మీరు నేర్పుతున్నారు కదా" అంటారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ తెలుగంటే ఇష్టమే. కాకపోతే తెలుగును కాపాడే పని ఎవరో ఒకరు చేస్తున్నారులే అన్న ధీమా ఇద్దరిదీ. ఈ ధీమా ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికే కిలిత్ కథ.

కిలిత్ ఒంటరి భాష కాదు. ఒకప్పటి పెద్ద కుటుంబంలో మిగిలిన చివరి ముక్కల్లో అదొకటి. అరస్ నదికి దక్షిణాన, ఇప్పటి ఇరాన్ వాయవ్య భాగంలో తబ్రీజ్, అర్దబీల్, మరాఘా నగరాలున్న ప్రాంతాన్ని కూడా అజర్‌బైజాన్ అనే పిలుస్తారు. అక్కడివాళ్ల పాత భాష పేరు ఆజరీ. ఇవాళ్టి అజర్‌బైజానీనీ కొందరు ఆజరీ అంటుంటారు గానీ ఈ రెండూ వేరు. పాత ఆజరీ ఇరానీ భాష, ఇప్పటిది తుర్కీ భాష. పదో శతాబ్దంలో అరబ్బు రచయిత మసూదీ ఆజరీని పేరుపెట్టి చెప్పాడు. పదమూడో శతాబ్దంలో యాఖూత్, ఆ ప్రాంతంవాళ్లకు ఆజరీ అనే భాష ఉంది, అది వాళ్లకు తప్ప మరొకరికి అర్థం కాదు అని రాశాడు. 1321, 1323 సంవత్సరాల మధ్య తబ్రీజ్‌లో ఒకాయన రాసిపెట్టుకున్న పెద్ద సంకలన గ్రంథంలో తబ్రీజ్ వాళ్ల భాషలోని పద్యాలు కొన్ని ఉన్నాయి. 1334లో కన్నుమూసిన అర్దబీల్ సూఫీ గురువు షేక్ సఫీ చెప్పిన కొన్ని చిన్న పద్యాలూ ఆ ఊరి భాషలోనివే. అంటే ఇది పల్లెలకే పరిమితమైన మాట కాదు. నగరాల్లో బతికింది, గురువుల నోట పలికింది.

మరి ఎలా పోయింది? పదకొండో శతాబ్దంలో సెల్జూక్ తుర్కుల రాకతో మొదలుపెట్టి, మంగోలుల కాలంలోనూ ఆ తరవాతా తుర్కీ మాట్లాడే తెగలు ఆ నేలమీద స్థిరపడ్డాయి. సైన్యం భాష, పాలించేవాళ్ల ఇంటి భాష, క్రమంగా సంతలో భాష తుర్కీ అయింది. ఇది సగం కథే. మిగతా సగం ఇంతకన్నా ముఖ్యం. ఆజరీ మాట్లాడేవాళ్లలో చదువుకున్నవాళ్లు ఆజరీలో రాయలేదు. చదువంటే పారశీకమే. 1046లో నాసిర్ ఖుస్రో అనే యాత్రికుడు తబ్రీజ్ వచ్చి ఖత్రాన్ అనే కవిని కలిశాడు. ఈ కవి మంచి కవిత్వమే చెబుతాడు గానీ పారశీకం అంత బాగా రాదు అని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. ఖత్రాన్ కష్టపడి పారశీక కావ్యాలు తెచ్చుకుని, వాటిలో అర్థంకాని చోట్లు ఆ యాత్రికుణ్ణి అడిగి తెలుసుకున్నాడు. తనకు సరిగా పట్టుబడని భాషలో దీవాన్ రాసి పేరు తెచ్చుకున్నాడు. ఊరి భాషలో రాయాలని అతనికి గానీ అతని తరవాతివాళ్లకు గానీ పెద్దగా తోచలేదు.

బయట సంతకూ కొలువుకూ ఒక భాష, చదువుకూ గౌరవానికీ మరో భాష. ఈ రెండింటి మధ్య ఆజరీకి మిగిలింది ఇల్లొక్కటే. ఈ అమరిక ఎక్కడో చూసినట్టు లేదూ? రాష్ట్ర భాష ఒకవైపు, ఇంగ్లీషు మరోవైపు, మధ్యలో ఇంటి తెలుగు. మన పిల్లలు రోజూ నిలబడే చోటు ఇదే.

రెండు భాషలు రావడం వల్ల ఆజరీ పోలేదన్నది గమనించాలి. ఆ నేలమీద తుర్కీ, ఆజరీ శతాబ్దాల పాటు పక్కపక్కనే ఉన్నాయి. తుర్కీ నేర్చుకున్న తండ్రి ఇంటికొచ్చి పిల్లలతో ఆజరీలో మాట్లాడినంత కాలం భాషకు ఢోకా లేదు. పిల్లలతోనూ సంత భాషలోనే మాట్లాడదాం అని ఇళ్లు ఒక్కొక్కటిగా అనుకోవడం మొదలయ్యాక ఆపేవాళ్లు లేకపోయారు. షేక్ సఫీ వంశంలోనే పుట్టిన షా ఇస్మాయిల్ 1501లో తబ్రీజ్‌లో సఫావీ సింహాసనం ఎక్కాడు. అతను రాసిన కవిత్వం ఎక్కువగా తుర్కీలో ఉంది. పూర్వీకుడు ఊరి మాటలో పద్యం చెబితే, రెండు శతాబ్దాలు తిరగకుండానే అదే వంశంలో కవిత్వానికి మరో భాష వచ్చింది. ఎవరూ శాసనం చేసి నిషేధించలేదు, ఎవరూ శిక్షించలేదు.

నగరాల్లో పోయాక కొండపల్లెల్లో కొన్ని ముక్కలు మిగిలాయి. అరస్‌కు దక్షిణాన హర్జంద్, కరింగాన్ పల్లెలు, ఉత్తరాన కిలిత్. 1828లో రష్యాకూ ఇరాన్‌కూ మధ్య జరిగిన సంధితో అరస్ నదే సరిహద్దు అయింది. చుట్టరికం ఉన్న మాటలు రెండు రాజ్యాల్లో పడ్డాయి. గీత ఎక్కడో గీస్తారు, దాని బరువు ఇళ్లలో తెలుస్తుంది. 1953లోనూ 1956లోనూ గీతకు అవతల మిగిలిపోయిన కుటుంబాల వాళ్లం కాబట్టి ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ పల్లెల భాషలకు 'తాతీ' అన్న పేరు కూడా వాళ్లు పెట్టుకున్నది కాదు. ఇరానీ భాషలు మాట్లాడే స్థానికులను తుర్కులు 'తాత్' అనేవారు. ఆ మాటలో కొంత చులకన ఉంది. పరాయివాళ్లు చులకనగా పిలిచిన పేరుతో, రాత లేకుండా, బడి లేకుండా ఆ భాషలు కొండల్లో కొంతకాలం బతికాయి. బతికినన్నాళ్లూ ఇల్లే వాటికి ఆసరా. ఆ ఇళ్లు వదిలేసిన రోజున పట్టుకునే చేయి ఇంకొకటి లేదు.

1925లో అహ్మద్ కస్రవీ ఆజరీ గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన తబ్రీజ్‌లో పుట్టినవాడు, ఇంటి భాష తుర్కీ. పాత గ్రంథాల్లో అక్కడక్కడా పడి ఉన్న వాక్యాలు, కొన్ని పద్యాలు, ఊళ్ల పేర్లు ఏరుకొచ్చి, మన నేల పాత భాష ఇదీ అని చూపించాడు. తరవాత 1954లో హెనింగ్ వ్యాసం, 1969లో ఎహ్సాన్ యార్‌షాతెర్ తాతీ వ్యాకరణం వచ్చాయి. గొప్ప పనులు, కాదనలేం. అయినా ఒక సంగతి మనసును పట్టి లాగుతుంది. ఒకప్పుడు పిల్లవాడికి అన్నం పెడుతూ అమ్మ అనే మాట కోసం ఇప్పుడు పండితులు రాతప్రతులు వెతకాల్సి వచ్చింది. ఊళ్ల పేర్లలో పాత మాటలు అలాగే ఉన్నాయి. ఆ ఊళ్లో ఉండేవాళ్లకు మాత్రం తమ ఊరి పేరుకు అర్థం తెలియదు.

ఇదే ఇరానీ కుటుంబంలో ఇంకో కథ ఉంది. అది వినకపోతే లెక్క సరిపోదు. తజికిస్తాన్‌లో యాగ్నోబ్ అనే కొండలోయ ఉంది. అక్కడివాళ్లు మాట్లాడే యాగ్నోబీ, పట్టు దారిలో ఒకప్పుడు వర్తకులకు పెద్ద భాషగా ఉన్న సోగ్డియన్‌కు సంతానం. సమర్‌ఖండ్ లాంటి మహానగరాల్లో సోగ్డియన్ ఎప్పుడో పోయింది, ఈ లోయలో మిగిలింది. 1970, 1971లలో సోవియట్ అధికారులు ఆ లోయవాళ్లను హెలికాప్టర్లలో ఎక్కించి, ఎండలు మండే మైదానాల్లో పత్తి పొలాలకు తరలించారు. చాలామంది ప్రాణాలు పోయాయి. ఊళ్లు పాడుబడ్డాయి. తరవాతి కాలంలో కొందరు తిరిగి వెళ్లారు. ఇంత జరిగినా యాగ్నోబీ పోలేదు. ఇప్పటికీ కొన్ని వేలమంది మాట్లాడతారు. వాళ్ల పిల్లలకు బడి చదువు తజిక్‌లోనే. ఇంటికొస్తే యాగ్నోబీ. నిషేధం లేకుండానే కిలిత్ పోయింది, బలవంతంగా తరిమేసినా యాగ్నోబీ నిలిచింది. మా లెక్కలో తేడా ఇంటి దగ్గరే ఉంది.

అలాగని ఇల్లుంటే చాలు, బడి అక్కర్లేదు అనుకుంటే మళ్లీ పొరపాటే. యాగ్నోబీ ఇప్పటికీ ప్రమాదంలో ఉన్న భాషగానే లెక్క. ఇంటి గడప దాటితే దానికి చోటు తక్కువ. ఆజరీకి పట్టిన గతీ అదే. చదువుకున్నవాళ్లు ఇంటి భాషను ఇంట్లోనే వదిలి పారశీకంలోకి వెళ్లిపోయారు. చదవడం రాయడం లేని భాష పిల్లవాడు పెద్దయ్యేకొద్దీ పనికిరానిదిగా కనిపిస్తుంది. వంటింటి మాటలు మిగులుతాయి, ఆలోచన వేరే భాషలో సాగుతుంది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కిలిత్‌కు లేనివన్నీ మనకున్నాయి. లిపి ఉంది, వెయ్యేళ్ల సాహిత్యం ఉంది, రోజూ పొద్దున్నే వచ్చే పత్రిక ఉంది. సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని, 1956లో చేర్చిన 350ఏ అధికరణం చెబుతోంది. ఇవి ఊరికే వచ్చినవి కావు, మన పెద్దలు అడిగి, తిరిగి, నిలబెట్టుకున్నవి. కానీ హక్కు కాగితం మీద ఉంటుంది, తరగతి పిల్లల మీద నిలబడుతుంది. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు పోతే సెక్షన్ పోతుంది. ఒకసారి మూతపడిన సెక్షన్ తిరిగి తెరుచుకోవడం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు.

తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ వద్దని మేం అనడం లేదు. మనం బతికే నేల భాష మన పిల్లలకు చక్కగా రావాలి. ఇంగ్లీషూ రావాలి. ఉద్యోగం గురించి తల్లిదండ్రుల భయం ఉత్త భయం కాదు, దాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మూడు భాషలు మోయగల శక్తి పిల్లలకుంది. మన ఊళ్లలో నాలుగైదు తరాలుగా మోస్తూనే ఉన్నాం. మేం అడిగేది ఒకటే. ఇల్లు బడి మీద, బడి ఇంటి మీద వేసి వదిలేయకూడదు.

ఇంట్లో చేయగలిగింది ఖర్చు లేని పని. రాత్రి అన్నాల దగ్గర ఒక్క అరగంట తెలుగు. నాయనమ్మ చెప్పే కథకు పిల్లవాడు వేరే భాషలో జవాబిస్తే కోప్పడకుండా, అదే మాట తెలుగులో మళ్లీ అని చూపించడం. వారానికి రెండు రోజులు పత్రికలో ఒక చిన్న వార్త పైకి చదివించడం.

బడిలో చేయాల్సింది మా వంతు. ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పిల్లవాడు తన ఇంటి తెలుగులో, పక్క భాష మాట కలిపో, పాత యాసతోనో మాట్లాడితే "అది తెలుగే కాదు" అన్న ఉపాధ్యాయులు మనలో ఉన్నారు. మేమూ అన్నాం. ఆ ఒక్క మాటతో పిల్లవాడు అమ్మ భాష తక్కువదని నేర్చుకుంటాడు. కొండపల్లెల్లో 'తాత్' అన్న పిలుపు చేసిన పనే మన నోటి మాటా చేస్తుంది. పుస్తకం తెలుగు నేర్పుదాం, ఇంటి తెలుగును పక్కన కూర్చోబెట్టుకునే నేర్పుదాం. ప్రతి తరగతిలోనూ పిల్లల చేత వాళ్ల తాతల, అవ్వల మాటలు పది రాయించి ఒక నోటు పుస్తకం పెడదాం. చేలో పనిముట్ల పేర్లు, మగ్గం పేర్లు, వంటల పేర్లు, ఊరి గుట్టల పేర్లు అడిగి రాయిద్దాం. చెప్పేవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. కస్రవీకి ఆ అదృష్టం చాలావరకు లేకపోయింది.

మళ్లీ అడ్మిషన్ల రోజులు వస్తాయి. దరఖాస్తులో భాష అన్న గడి దగ్గర చాలామంది పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఆ గడిలో తెలుగు అని రాయండి. రాసి ఇంటికెళ్లాక ఆ రాత్రి పిల్లవాడితో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడండి. రెండూ చేస్తేనే లెక్క.