ఎలుకా, చుంచా, పందికొక్కా?

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "రాత్రిళ్ళు వంటింటి తూము దగ్గర ఏదో తిరుగుతోందండీ. మావారు ఎలుకంటారు, మా అత్తగారు పందికొక్కంటారు. మందు పెట్టేయమంటారా?" అని.

ఆగండి. ముందు దాని మూతి చూడండి, తర్వాత తోక చూడండి. మందు సంగతి ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆడపడుచుది ఏలూరు అవతల కొల్లేరు అంచున ఓ ఊరు. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు నీళ్ళొచ్చి కొల్లేరు నిండిందంటే, గట్ల బొరియల్లో ఉన్నవన్నీ మెరక వెతుక్కుంటూ ఇళ్ళ మీద పడతాయి. అలాగే ఓసారి వంటింట్లో పందికొక్కు పిల్ల కనిపించిందని, ఆవిడ గారెలో మందు కూరి పొయ్యిగట్టు కింద పెట్టింది. తెల్లారి లేచేసరికి మూడేళ్ళ మనవడు ఆ గారె చేత్తో పట్టుకుని నట్టింట్లో నిలబడి ఉన్నాడు! ఇంకా కొరకలేదు కాబట్టి సరిపోయింది. సాయంత్రం దాకా ఆవిడ చేతుల వణుకు తగ్గలేదు. ఇంతకీ వచ్చింది పందికొక్కు పిల్లా కాదు, ఎలుకా కాదు. చుంచు!

చుంచుని గుర్తుపట్టడం చాలా తేలిక. మూతి బాగా సన్నగా ముందుకు సాగి ఉంటుంది. కళ్ళు మరీ చిన్నవి, వెతుక్కోవాలి. తోక మొదట్లో లావు, దాని మీద అక్కడక్కడా పొడుగు వెంట్రుకలు. గోడ వారగా కిచకిచమంటూ పరుగెడుతుంది, వెళ్ళిన చోట ఘాటైన కంపు వదులుతుంది. కొందరు చిట్టెలుకని కూడా చుంచనే అంటారు గానీ, అసలు చుంచు ఎలుక జాతే కాదు. దాని ముఖ్యమైన తిండి బొద్దింకలు, పురుగులు. బియ్యం బస్తా కొరికే ఉలి పళ్ళు దానికి లేవు. బయటికి తోలి, తూముకి జాలీ బిగిస్తే సరి. పాపం, దాన్ని చంపితే మనకే నష్టం.

ఇంటి ఎలుక సన్నగా ఉంటుంది. చెవులు పెద్దవి, తోక ఒంటికంటే పొడుగు. దూలాల మీద, కరెంటు తీగల మీద చకచకా నడుస్తుంది. చిట్టెలుక సంగతి మీకు తెలిసిందే, మహా అయితే ఇరవై గ్రాములు తూగుతుంది.

ఇక పందికొక్కు. మూతి మొద్దుగా, ఒళ్ళు బరువుగా, బొచ్చు గరుకుగా ఉంటుంది. కోపమొస్తే ఆ బొచ్చు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. తోక ఒంటికంటే పొట్టి. కాలవల పక్కన, దొడ్లో తిరిగే పెద్దది అరకిలో దాటుతుంది. పొలాల్లోది చిన్నది, రెండు మూడు వందల గ్రాములుంటుంది. కోతలకి ముందు వెన్నులు కొరికి బొరియలో దాచుకునే దొంగ ఇదే. అన్నట్టు, ఇంగ్లీషువాళ్ళు 'బ్యాండికూట్' అనేది మన పందికొక్కు మాటనే! అమెరికాలో ఓ అడవి ఎలుక మెరిసే వస్తువులు ఎత్తుకెళ్ళి గూట్లో పెట్టుకుంటుందట. మనదానికి ధాన్యం చాలు.

చిక్కల్లా పందికొక్కు పిల్లకీ ఎదిగిన ఎలుకకీ మధ్యే. చచ్చినది దొరికితే, పుల్లతో తోకని వీపు మీదుగా ముందుకు మడవండి. ముక్కు దాటితే ఇంటి ఎలుక, దాటకపోతే పందికొక్కు. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

ఎలుకకైతే బోనులో ఎండు రొయ్యో, కొబ్బరిముక్కో చాలు. పందికొక్కుకి వంటింటి బోను ఆనదు. దొడ్లో బొరియ ఎక్కడుందో చూసి, ఎలుకలు పట్టేవాళ్ళని పిలిపించుకోండి.

మందు తప్పనిసరైతే, మనం తినే పదార్థంలో కలిపి ఇంట్లో పెట్టకండమ్మా. నల్ల పొడి జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళితే విషవాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. పేస్టులాంటి పచ్చ భాస్వరం మందు తిన్నవాళ్ళు ఒకటి రెండు రోజులు బాగానే తిరుగుతారు, ఆనక కాలేయం దెబ్బతింటుంది. అందుకని పిల్లాడు నోట పెట్టాడన్న అనుమానం వచ్చినా, ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోవద్దు. వాంతి చేయించే ప్రయత్నాలు మాని, మందు ప్యాకెట్టు చేతబట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి జ్వరాలొస్తాయి. కాళ్ళకి పుండ్లుంటే ఆ నీళ్ళలో దిగకండి. దిగాక జ్వరమొస్తే డాక్టరుకి ఆ మాట కూడా చెప్పండి.

గూడెం సోదరీ, ఈ రాత్రికి తూము దగ్గర కాస్త బియ్యప్పిండి పల్చగా చల్లి, టార్చి పక్కన పెట్టుకుని పడుకోండి. చప్పుడైతే లైటు వేసి మూతి, తోక చూడండి. కనిపించకపోయినా పొద్దున అడుగుజాడలుంటాయి, ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. మీవారు గెలిచారో, అత్తగారు గెలిచారో తప్పకుండా ఉత్తరం రాయండి.