బంతియు బ్రతుకుతెరువును

పత్తికొండ ప్రాంతపు రైతు వేరుశనగ విత్తునపుడు చేనంతయు వేరుశనగయే వేయడు. ఏడెనిమిది సాళ్లకొక సాలు కంది వేయును. తొలకరి ఆశపెట్టి, పిమ్మట వాన మొగము చాటువేసినచో వేరుశనగ ఊడలు దిగక యెండిపోవును. లోతుగా వేరు దన్నిన కంది మాత్రము ఓర్చుకొని నిలిచి, ఇంటికి కొన్ని గింజలైనను తెచ్చును. వేంపల్లె రైతునకు గూడ ఈ సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు. ఇంత ముందుచూపు గల రైతే తన కుమారుని ఫుట్‌బాలు శిక్షణకు పంపునపుడు కందిసాలు మఱచిపోవుచున్నాడు. పిల్లవాని బాల్యమంతయు ఒకే పైరునకు అప్పగించుచున్నాడు.

అతనిని తప్పుపట్టుట సులభమే గాని న్యాయము కాదు. కోసిగి, ఆదోని ప్రాంతపు పల్లెలలో వాన లేని యేట ఎన్నియో కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, మిరప, ప్రత్తి కోతలకై గుంటూరు సీమకు సుగ్గికి పోవుచుండును. పిల్లవానిని వెంట దీసికొనిపోయినచో బడి పోవును. విడిచిపోయినచో అన్నము పెట్టువారుండరు. అట్టి యింటికి వసతితో కూడిన క్రీడాశిక్షణ యనగా ముందు మూడుపూటల అన్నము, తరువాతనే బంతి. కడప చెంత పుట్లంపల్లెలో ప్రభుత్వ క్రీడాపాఠశాల కలదు. చిన్న తరగతులలోనే పిల్లల యెత్తు, బరువు, పరుగువేగము, దుమికిన దూరము కొలిచి అట్టి పాఠశాలలలో చేర్చుకొందురు. పొరుగున అనంతపురములో 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఒక క్రీడాగ్రామమును నిర్మించి, స్పెయిన్ దేశపు లా లిగా సహకారముతో పల్లెపిల్లలకు ఫుట్‌బాలు నేర్పించినది. ఆడపిల్లలు గూడ అచ్చట బూట్లు తొడిగిరి. ఆట పుణ్యమా యని ఒక బాలిక పెండ్లిమాట నాలుగేండ్లు వెనుకకు జరిగినను అది చిన్న లాభము కాదు.

కాని శిక్షణాలయపు వాకిలి దాటిన పిమ్మట ఎదురగు బాట యెంత యిఱుకో తల్లిదండ్రులకు విడమరచి చెప్పువారు తక్కువ. లెక్క కష్టమైనది కాదు. దేశమునందలి పెద్దపోటీయగు ఇండియన్ సూపర్ లీగులో ఆడు క్లబ్బులు పదుమూడో పదునాలుగో. ఒక్కొక్కదానిలో ఇరువదియైదు మొదలు ముప్పదిమంది. అన్నియు గూడినను నాలుగువందల చోట్లు. అందు కొన్ని విదేశీయులకు పోవును. మిగిలినవానికై కేరళ, బెంగాలు, గోవా, మణిపురము మొదలగు సకల ప్రాంతముల పిల్లలును పోటీపడుచుందురు.

చోటు దొరికినవాడైనను నిశ్చింతగా నుండునా? 2019లో హైదరాబాదు పేర ఒక క్లబ్బు వెలసినది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్సు జట్టును గోవాలో ఓడించి లీగు విజేత యయ్యెను. తెలుగువారు పొంగిపోయిరి. రెండేండ్లయినను గడువక మునుపే జీతముల చిక్కు వచ్చిపడెను. పలువురు ఆటగాండ్రు విడిచిపోయిరి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు గూడ మార్చుకొనెను. ఆ సంవత్సరము జూలైలోనే జాతీయ సమాఖ్యకును వాణిజ్య భాగస్వామికిని నడుమ ఒప్పందము తేలక సూపర్ లీగే నిలిచిపోయెను. కొన్ని క్లబ్బులు జీతములు ఆపివేసెను. దేశములోని మేటి యాటగాండ్రు మ్యాచి యెన్నడో తెలియక నెలల తరబడి వేచియుండిరి.

పూర్వము ఆటగానికి వేఱొక నీడ యుండెడిది. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు జీతము ఉద్యోగము వలన, కీర్తి బంతి వలన వచ్చుచుండెను. వారి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున భారత జట్టును నాలుగవ స్థానమునకు జేర్చి, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము తెచ్చిపెట్టినవాడు ఆయనయే. ఆ రెండింటను ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టినవాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో పేరొంది, పిదప బి. ఎన్. ఆర్. రైల్వే జట్టున చేరెను. ముప్పది యేండ్లయినను నిండక మునుపే ఊపిరితిత్తుల వ్యాధి ఆయన యాటను ముగించెను. 2023లో ఎనుబదియారేండ్ల వయస్సున మరణించువరకు ఆయన జీవించిన కాలములో ఆట పదిపండ్రెండేండ్లు మాత్రమే. మిగిలిన యరువదియేండ్లకు పైబడిన బ్రతుకు మైదానము వెలుపలనే గడచెను. అంతటి యాటగాని లెక్కయే యిట్లున్నది.

చదువును ఆటయు రెండు పడవలపై రెండు కాళ్లు పెట్టుట వంటిదని కొందఱు శిక్షకులు చెప్పుదురు. ఈ మాట వినుట కింపుగానే యుండును గాని నిలువదు. ఎదుగుచున్న బాలుని మోకాళ్లు ఉదయము రెండు గంటలకును, సాయంత్రము రెండు గంటలకును మించి సాధనను ఓర్వలేవు. తక్కిన ఇరువది గంటలను ఏమి చేయవలెను? ఫుట్‌బాలే ప్రాణమైన ఇంగ్లండులో సైతము పదునాఱేండ్లకు క్లబ్బు శిక్షణలో చేరు కుఱ్ఱవానికి చదువు గూడ ఏర్పాటు చేయవలసినదే. ఇచ్చటనో, రైల్వేలలో ఆటగాండ్రకై ప్రత్యేకించిన చిన్న యుద్యోగమునకు గూడ పదవ తరగతియో, ఇంటర్మీడియటో ఉత్తీర్ణత యడుగుదురు. గోలు చక్కగా కొట్టి, గణితములో తప్పిన బాలునకు ఆ తలుపు గూడ మూతపడును. ఆటను ప్రేమించువానికి మైదానమున వేఱు పనులును గలవు. రిఫరీ పని గలదు. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట శిక్షకుని లైసెన్సులలో మొదటి మెట్టు గలదు. వ్యాయామోపాధ్యాయుని కొలువు గలదు. గాయములను సరిచేయు ఫిజియోథెరపీ గలదు. వీనిలో చదువు అడుగనిది యరుదు.

కనుక కుమారుని చేర్చుటకు వచ్చిన తండ్రి సంకోచింపక యడుగవలసినవి కొన్ని యున్నవి. టోర్నమెంటుకు పోయిన దినముల పాఠములు మరల యెవరు చెప్పుదురు? కాలు విఱిగినచో వైద్యవ్యయ మెవరిది? గత మూడేండ్లలో ఇచ్చటినుండి వెడలిన పిల్లలు నేడెచ్చట నున్నారు? ఈ కడపటి ప్రశ్నకు తడబడు శిక్షణాలయము ఎంత పచ్చని మైదానము చూపినను సందేహింపదగినదే.

ఎంపిక కాని బాలుడు ఒకనాడు రేకుపెట్టె చేతబట్టుకొని కర్నూలు బస్టాండులో దిగును. ఊరిలో, "ఏమిరా, పంపించివేసిరా?" యని యడుగువారు పదిమంది యుందురు. తల్లిదండ్రులు సుగ్గి నుండి యింకను రాలేదేమో! ఆ పెట్టెలో బూట్లతోపాటు పదవ తరగతి మార్కుల పత్రము గూడ నున్నచో, వాడు ఆ పదిమందిని దాటి నేరుగా కళాశాలకు పోయి దరఖాస్తు తెచ్చుకొనును. సాయంకాలము ఊరి మైదానములో చిన్నపిల్లలకు బంతి నేర్పుచుండును.