కొండల పేరిట రాష్ట్రం, మైదానంలో కొలువులు

మేం విద్యార్థులుగా జెండాలు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఉత్తరాఖండ్ పేరు ప్రతి సభలో వినపడేది. 2000 నవంబర్‌లో మూడు రాష్ట్రాలు ఇచ్చిన ఢిల్లీకి తెలంగాణ ఒక్కటే ఎందుకు చేదైందని నిలదీసేవాళ్లం. ఆ రాష్ట్రం కొండజనానికి ఏం ఒరిగింది?

వాళ్లు అడిగింది కూడా మన మాటే. మా కొలువులు మాకు కావాలె. లక్నో పాలకులకు గఢ్వాల్, కుమావూన్ కొండలంటే కలప, నీళ్లు, ఫౌజుకు జవాన్లు. మొగోడు మైదానానికి పోయి మనియార్డర్ పంపితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. 1994లో ఖటీమా, ముస్సోరీ, రాంపూర్ తిరాహాల్లో ఉద్యమకారుల మీద తుపాకులు పేలాయి. ఆ నెత్తుటి మీద 2000 నవంబర్ 9న రాష్ట్రం వచ్చింది.

మరి కొలువులు? 2003లో కేంద్రం పారిశ్రామిక ప్యాకేజీ ఇచ్చింది. కొత్త ఫ్యాక్టరీకి పదేళ్లు ఎక్సైజ్ సుంకం లేదు, మొదటి ఐదేళ్లు ఆదాయపు పన్ను లేదు. కొండ రాష్ట్రమని ఇచ్చిన రాయితీ అది. ఫ్యాక్టరీలు ఎక్కడ లేచాయి? హరిద్వార్, పంత్‌నగర్, సితార్‌గంజ్. మూడూ మైదానమే. లారీ ఎక్కలేని చోట పెట్టుబడిదారు షెడ్డు వెయ్యడు, అది వాడి లెక్క. సర్కారు లెక్క వేరే ఉండాలె కదా! మాఫీ అయిన పన్ను జనం సొమ్మే. కొండల పేదరికాన్ని చూపి తెచ్చిన ఆ సొమ్ము కొండ దాకా పోనేలేదు.

2011 జనాభా లెక్కల్లో అల్మోరా, పౌరీ గఢ్వాల్ జిల్లాల్లో జనం 2001 కంటే తగ్గారు. దేశమంతా పెరుగుతుంటే అక్కడ తగ్గారు. 2017లో రాష్ట్ర సర్కారే వలసల మీద కమిషన్ వేసింది. 2011 తర్వాత 734 ఊళ్లు మనుషుల్లేక ఖాళీ అయ్యాయని 2018లో ఆ కమిషనే చెప్పింది. పోయినవాళ్లలో సగం మంది పోయింది బతుకుదెరువు కోసమే. పాలమూరు వలసల్లో ఇంటికి తాళం పడ్డా అరుగు మీద ముసలోళ్లు మిగిలేవాళ్లు. అక్కడ అరుగులు కూడా ఖాళీ.

సర్కారు పైసలు కొండెక్కలేదా అంటే, ఎక్కాయి. చార్‌ధామ్ రోడ్లకు 2016లో దాదాపు 12 వేల కోట్లతో పని మొదలుపెట్టారు. 2023 నవంబర్‌లో అదే పథకంలోని సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు 17 రోజులు లోపల చిక్కుకున్నారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, సంతోషం. వాళ్ల ఊళ్లేవో చూడండి. 15 మంది జార్ఖండ్ వాళ్లు. ఉత్తరాఖండ్ వాళ్లు ఇద్దరంటే ఇద్దరే. జార్ఖండ్ కూడా అదే నవంబర్‌లో పుట్టిన రాష్ట్రం! ఒక కొత్త రాష్ట్రపు కూలి ఇంకో కొత్త రాష్ట్రపు కొండను తొలుస్తుంటే, ఆ కొండ పిల్లగాడు ఢిల్లీ హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాడు.

చిన్న రాష్ట్రాలతో ఏమొచ్చిందని సణిగేవాళ్లు సంబరపడనక్కర్లేదు. పక్కనే హిమాచల్ ఉంది. 1971లో పూర్తి రాష్ట్రమైంది. తొలి ముఖ్యమంత్రి వై.ఎస్. పర్మార్ రోడ్లకు, పండ్ల తోటలకు పెద్దపీట వేశారు. 1974లో సర్కారే హెచ్‌పీఎంసీ అనే సంస్థ పెట్టి గ్రేడింగ్ కేంద్రాలు, కోల్డ్ స్టోరేజీలు, రసం తీసే ప్లాంట్లు కట్టింది. బజారులో పోని మచ్చల యాపిల్‌ను సర్కారే ధర కట్టి కొంటుంది. కాయ కోసేవాడికి, పెట్టె కొట్టేవాడికి, బండి తోలేవాడికి పని ఆ కొండ మీదే. (హిమాచల్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దాని పెద్ద ఫ్యాక్టరీలూ మైదానం అంచున బద్దీలోనే ఉన్నాయి.)

సర్కారు కొలువుల సంగతి మనకు చెప్పాలా? ఉత్తరాఖండ్‌లో డిగ్రీ స్థాయి పరీక్ష పేపర్ లీకైందని 2022లో బయటపడింది. 2023 ఫిబ్రవరిలో డెహ్రాడూన్‌లో రోడ్డెక్కిన నిరుద్యోగుల మీద లాఠీలు విరిగాయి. ఆ మరుసటి నెలే ఇక్కడ లీకేజీతో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది.

రాజధాని కొండల నడుమ గైర్‌సైన్‌లో ఉండాలని ఉద్యమకారులు అడిగారు. సెక్రటేరియట్ పోతే దాని వెంట బడి, దవాఖాన, హోటల్, రోడ్డు పోతాయి. వెయ్యి చేతులకు పని పోతుంది. 2020లో గైర్‌సైన్‌ను వేసవి రాజధాని అన్నారు. ఫైళ్లు, వాటిని కదిలించే ఆఫీసర్లు మాత్రం డెహ్రాడూన్‌లోనే ఉన్నారు. మన ఏజెన్సీ పోస్టింగ్ లాగే అక్కడ కొండ పోస్టింగ్ అంటే శిక్ష. ఉద్యోగ సంఘాల మిత్రులు కోప్పడినా సరే, ఈ ముక్క అనక తప్పదు.